నీటి కర్ర వంతు

నీటి కర్ర లేని ఊరంటూ లేదప్పుడు. రోజుకొక ఇంటివాళ్లు వంతు ప్రకారం పొద్దున్నే దాన్ని ఊరి పక్కన పారే గెడ్డలో ముంచితే, నీళ్లెలా ఉన్నాయో ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారే చెప్పేవి. మందుల ఫ్యాక్టరీ వచ్చాక ఏడేళ్లుగా అవి చెప్పేది ఒకటే మాట. "తాగకండి."

ఆ రోజు వంతు దమయంతిది. కర్ర పట్టుకుని వెళ్తే బస్సు కోసం నిలబడ్డ తోటి పిల్లలు నవ్వుతారని సిగ్గేసి, పెరట్లో వాననీళ్ల తొట్టిలో ముంచేసింది.

"తాగొచ్చు," అన్నాయి ఫోన్లన్నీ.

ఊరంతా కర్రతో సహా దమయంతిని వెంటబెట్టుకుని గెడ్డ ఒడ్డుకు పరుగెత్తింది. ఏడేళ్లుగా ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నా చేస్తున్న పైడమ్మత్త దమయంతి బుగ్గలు పుణికింది.

"నీ సెయ్యి సల్లగుండ పిల్లా! ఇంక గేటు కాడ కూకునే పని నేదర్రా!"

అంటూనే వంగి దోసెడు నీళ్లు తీసింది.

"తాగకత్తా! నేను ముంచింది మా తొట్టిలో," అంది దమయంతి, ఏడుపు గొంతుతో.

నవ్వులన్నీ ఆగిపోయాయి. పైడమ్మత్త దోసిలి వదిలేసి, కొంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకుంది. తిడితే బాగుండునని దమయంతికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

"ఇప్పుడు ముంచు."

ముంచింది. ఒడ్డున అందరి చేతుల్లోనూ ఫోన్లు "తాగకండి" అన్నాయి.

"పదండర్రా, గేటు కాడికి. పొద్దెక్కిపోతంది."

కర్ర పట్టుకుని దమయంతి అందరి వెనకా నడిచింది. బస్సు దగ్గర పిల్లలెవరూ నవ్వలేదు. అసలు ఎవరూ ఆమె వైపు చూడనే లేదు. తల మరింత దించుకుంది.