అర సెకను ఆలస్యం

“నెట్ లైను నెమ్మదిగా ఉన్నవాళ్లందర్నీ మన ఆన్‌లైన్ ఆటలోంచి తీసేయ్. వాళ్ల దెబ్బ అర సెకను ఆలస్యంగా వస్తోంది. మిగతావాళ్ల ఆట పాడవుతోంది,” అన్నాడు మేనేజరు.

సర్వర్ కోడ్ రాసే అమ్మాయి కుర్చీలోంచి కదల్లేదు. “తీసేయను సార్. కావాలంటే ముందు నాతో ఆడండి.”

ఎదురెదురుగా కూర్చున్నారు. వరసగా మూడాటలు ఓడిపోయి అతను మౌస్ విసిరికొట్టాడు. “నీలా స్పీడు లైనుంటే ఎవరైనా గెలుస్తారు!”

“ఉడుక్కోకండి సార్,” అంటూ ఆమె తన స్క్రీన్ అతనివైపు తిప్పింది. మూలన ఎర్రగా కనిపిస్తోంది: ఆలస్యం, అర సెకను.

“మా ఇంట్లో లైను ఇంతే. ఆర్నెల్లుగా ఇక్కడ ఆఫీసులోనూ లైను అంతే నెమ్మదిగా పెట్టుకుని ఈ ఆట తయారుచేస్తున్నాను. మూడాటల్లో మీకేమైనా తేడా తెలిసిందా? ఇప్పుడు చెప్పండి, ఎవర్ని తీసేయమంటారు?”