తడిసిన వాకిలి

రేకుల ఇంట్లో ఈ ఎండకు తన చంటిపిల్ల సొమ్మసిల్లి మళ్లీ కళ్లు తెరవదేమోనన్నదే సాహిత్యకు అన్నిటికంటే పెద్ద భయం.

అందుకే ఆ మధ్యాహ్నం పంచాయతీ వద్దన్న పనే చేసింది. నల్లాకు పైపు తగిలించి రేకులు తడిపింది. పిల్ల నిద్రపోయింది. నీళ్లు మాత్రం వాలుగా జారి పక్కింటి ఖమరున్నీసా వాకిట్లో మడుగు కట్టాయి.

పంచాయతీ కారోబారు వెంకటకృష్ణ అక్కడే బండి ఆపాడు.

"ఏంది చాచీ గిది? కరువుల బయట నీళ్లు పోస్తే నల్లా బంద్ చేస్తమని డప్పు కొట్టించినం గదా! ఎవరు పోసిండ్రు?"

గుమ్మంలో ఉన్న సాహిత్య నోరు తెరవబోయింది. లోపల పిల్ల కదిలింది. తన నల్లా బంద్ అయితే పిల్లకు నీళ్లెలాగని వెనక్కి తగ్గింది.

ఖమరున్నీసా ఒకసారి రేకుల వైపు, ఒకసారి సాహిత్య వైపు చూసింది.

"నేనే పోసిన. మల్లెతీగకు."

"ఎండి పుల్లలైంది గదా, దానికా?"

"ఎండింది గనుకనే పోసిన బిడ్డా. పచ్చగుంటే ఎందుకు పోస్త?"

అతను నవ్వలేదు. వానలు పడేదాకా అంతేనంటూ ఆమె నల్లాకు బిరడా బిగించి వెళ్లిపోయాడు.

"పెద్దమ్మా, తప్పు నాది..."

"చుప్! నీ ఇంట్ల పసిగుడ్డు ఉంది. నేను ఒక్కదాన్ని, చెంబెడు చాలు."

ఇప్పుడు సాహిత్య రోజూ బిందెడు నీళ్లు తీసుకెళ్తుంది. ఖమరున్నీసా చెంబెడే పోయించుకుని, "తాగిన బేటీ, తీస్కపో" అంటుంది. ఆమె పెదవులు పగిలి ఉంటాయి. పంచాయతీకి వెళ్లి నిజం చెప్పే ధైర్యం సాహిత్యకు ఇంకా రాలేదు.

ఏన్కూరు దాటి అడవి వైపు వెళ్తే, ఎండిన మల్లెతీగ ఉన్న ఇంటి తలుపు తట్టండి. పెద్దమ్మ నీళ్లు తాగిందో లేదో కాస్త చూడండి. సాహిత్య అడిగితే దాహమే లేదంటుంది.