డాక్టరమ్మకు పరీక్ష

"రక్తం ఇక్కడే ఉండిద్దా డాక్టరమ్మా, బయటి నుంచి తెప్పిస్తారా?"

డాక్టర్ తేజశ్రీ స్కానింగ్ రిపోర్టు మీంచి తలెత్తింది. అడిగింది గర్భిణి కాదు, పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ అత్తగారు, కోటిరత్నం. పర్చూరు దగ్గర పల్లె నుంచి వచ్చారు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి నేరుగా బస్సెక్కినట్టుంది, ఆవిడ చీర కొంగు కదిలినప్పుడల్లా తేజశ్రీకి తుమ్ము వస్తోంది.

"బ్లడ్ బ్యాంకు ఇక్కడే ఉందమ్మా. ఆపరేషన్‌కి ముందే సిద్ధం చేసి పెట్టుకుంటాం."

"మత్తు డాక్టరో?"

"రాత్రీ పగలూ ఒకరు ఉంటారు."

"మీరు ఊళ్ళో లేనప్పుడు ఈ పిల్లకి నొప్పులొస్తే?"

గుంటూరులో తేజశ్రీ దగ్గర టోకెన్ దొరకడమే గొప్ప. ఎదురుగా కూర్చుని ఆవిణ్ణి ఇన్ని ప్రశ్నలడిగినవాళ్ళు మెడిసిన్ పరీక్షల తర్వాత మళ్ళీ ఎవరూ లేరు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"నాతో పాటు చేసే డాక్టర్లు ఇంకో ఇద్దరున్నారు. అవునూ, ఇదివరకు ఎక్కడ చూపించారు?"

"చీరాల్లో ఒకాయనకి చూపించాం. ఏం కాదు పొండి అన్నాడు, నాకు నచ్చలా. ఒంగోల్లో ఒకావిడ ప్రశ్నలడిగితే విసుక్కుంది. ఇప్పుడే విసుక్కునే మనిషి రేపు అర్జంటయితే ఫోనెత్తిద్దా?"

తేజశ్రీ తన విసుగుని గబుక్కున మింగేసింది.

"ఏమీ అనుకోమాకమ్మా," అంది కోటిరత్నం. "మిరప విత్తనం కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగి, నకిలీదా కాదా అని అడిగి అడిగి కొంటాం. మొదటి కాన్పప్పుడు మాత్రం నోరు తెరిచి ఒక్క మాట అడగలా. తీరా కోసాక రక్తం లేదన్నారు. బిడ్డ పోయింది. ఈ పిల్ల చచ్చి బతికింది."

ఈ పిల్ల, అంటే అఖిల, తల వంచుకుని పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త కోటేష్, ఇంకో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

తేజశ్రీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చెప్పక తప్పని మాట ఇంకా మిగిలే ఉంది.

"చూడండి, మాయ కిందికి దిగి పాత ఆపరేషన్ కుట్టు మీదే అతుక్కుంది. బిడ్డను తీశాక అది ఊడి రాకపోతే రక్తం ఆగదు. అప్పుడు తల్లిని బతికించాలంటే గర్భసంచి తీసెయ్యాలి. ఇక పిల్లలు పుట్టరు. ఈ బిడ్డను కూడా నెలలు నిండకుండానే తియ్యాలి కాబట్టి, దక్కుతుందని ఇప్పుడే మాటివ్వలేను."

ఈ మాట దగ్గరే అత్తగార్ల అసలు రంగు బయటపడుతుందని తేజశ్రీ అనుభవం. ఎట్లాగైనా సంచి ఉంచమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళున్నారు. ఒకావిడైతే కోడల్ని చెయ్యి పట్టి లేపుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఏమైందో మళ్ళీ తెలియలేదు. అది తలుచుకుంటే తేజశ్రీకి ఇప్పటికీ బాధే.

"ఇద్దర్లో ఒకరే దక్కేటట్టుంటే ఎవర్ని చూస్తావమ్మా?" అడిగింది కోటిరత్నం.

"తల్లిని."

కోటిరత్నం అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుంది. ఇప్పుడు వెనక్కి ఆనుకుంది.

"అయితే తీసెయ్యమ్మా. సంచి గురించి ఆలోచించమాక. ఈ పిల్ల లేచి ఇంటికి రావాలి, నాకంతే."

ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం తేజశ్రీకి నమ్మబుద్ధి కాలేదు.

"మీకెంతమంది కొడుకులు?"

"ఒక్కడే."

"రేపు వారసుడు లేడని ఈ అమ్మాయిని సాధించడం మొదలుపెడితే?"

"సాధించనమ్మా. మాటిస్తున్నా."

తేజశ్రీ తలుపు వైపు తిరిగింది. "నువ్వేమంటావయ్యా?"

"పెద్దావిడ ఎట్టా అంటే అట్టానండి," అన్నాడు కోటేష్.

పెళ్ళయినా కొంగు వదలని రకం అనుకుంది తేజశ్రీ. ఇక వాళ్ళిద్దర్నీ వదిలేసి అఖిలతో, "నీ ఒళ్ళమ్మా ఇది. నువ్వు చెప్పు," అంది.

అఖిల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు బతకాలనుంది డాక్టర్. నాకేమన్నా అయితే అత్తయ్య ఈసారి తట్టుకోలేదు."

కోటిరత్నం ఆమె వీపు నిమిరింది. "ఊరుకో. ఇక్కడే చేయిద్దాం. ఈ డాక్టరమ్మ అబద్ధాలు చెప్పడం లేదు."

పరీక్షలో పాసైనందుకు తేజశ్రీకి నవ్వొచ్చింది. చిన్నపిల్లలా సంతోషం కూడా వేసింది.

"అయితే ఏడో నెల నిండేసరికి మీరు గుంటూరు వచ్చేయాలి. నొప్పులొచ్చాక మీ ఊరి నుంచి పరిగెత్తుకుంటూ రావడం కుదరదు."

"ఆసుపత్రి పక్కనే గది తీసుకుని నేనుంటా. మిరప సంగతి కోటేష్ చూసుకుంటాడు."

నర్సు వచ్చి రక్తపరీక్షకి అఖిలను తీసుకెళ్ళింది. ఆమె చెయ్యి పట్టుకుని కోటేష్ కూడా నడిచాడు. వాళ్ళు గది దాటేదాకా కోటిరత్నం అటే చూసింది.

తేజశ్రీకి మనసులో మాట దాచుకోవడం చేతకాలేదు. "ఏమీ అనుకోకండి, అత్తగార్లంటే నాకు కాస్త అనుమానం. మీకు మాత్రం దణ్ణం పెట్టాలి. ఉన్నది ఒక్క కొడుకు. ఆ అబ్బాయికి పిల్లలే లేకుండా పోవచ్చని తెలిసి కూడా కోడలు బతికితే చాలన్నారు."

కోటిరత్నం లేచి చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"మావాడు పోయాక, కోటేష్‌ని చూసి ఈ పిల్లకి పెళ్ళి చేసింది నేనేనమ్మా."