కటర్

మెదక్ దవాఖానలో డెంటల్ పీజీ చేస్తున్న నిస్సి ఆఖరి తీగను మెలిపెడుతుండగా, కుర్చీలోని మనిషి, పక్కనున్న తన పెళ్లాం యాదలక్ష్మి మూతి మీద పిడికిలితో గుద్దాడు. నొప్పి పుడితే అతను ఎప్పుడూ చేసేది అదే.

కల్లు దుకాణం కొట్లాటలో విరిగిన దవడ. పైపళ్లనూ కిందిపళ్లనూ తీగలతో కలిపి కట్టేశాక నోరిక తెరుచుకోదు.

అలా కట్టిన రోగిని తీగలు తెంపే కటర్ లేకుండా ఇంటికి పంపకూడదన్నది నిస్సి నేర్చుకున్న మొదటి పాఠం. దాన్ని యాదలక్ష్మికిచ్చింది.

"కల్లు తాగనియ్యకు అక్కా. కక్కొస్తే తీగలు టక్కున కత్తిరియ్యాలె."

"కత్తిరియ్యకుంటే?"

"ఊపిరాడక సచ్చిపోతడు."

యాదలక్ష్మి మూతి నెత్తురు తుడుచుకుంది. కటర్ బల్ల మీద పెట్టేసి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

అతను కుర్చీలోంచి దూకి, కటర్ అందుకుని వెంట పరుగెత్తాడు. మాట పెగలక, దాన్ని రెండు చేతులా ఆమె ముందుకు చాచి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

యాదలక్ష్మి కటర్ తీసుకుని కొంగున ముడేసుకుంది.

"లే, ఇంటికి పోదాం పా. నువ్వు తాగే యాళ్లయింది."