లోపలి రంగు

“లోపల కూర్చున్న మనిషి ఈ కారుని గుర్తుపట్టకూడదు,” అన్నాడు ఇద్దరన్నదమ్ముల్లో పెద్దవాడు.

స్టిక్కర్ల షాపతను చేతిలోని కట్టర్ కింద పెట్టాడు. కారు వంక చూశాడు. నంబరు ప్లేటు వంక చూశాడు. ఆ తర్వాత మనిషి వంక చూశాడు.

“బండి మీదేనా సార్?”

“నాదే. కాగితాలు చూపించమంటావా?”

“చూపించండి.”

చూపించాడు. షాపతను చదివి వెనక్కిచ్చాడు. “ఇంతకీ ఎవరు గుర్తుపట్టకూడదు?”

“మా అమ్మ.”

కారణం, కారు కొన్న కొత్తలో జరిగిన గొడవ. బయట వాన. అమ్మ తడి గొడుగుతో ముందు సీట్లో కూర్చుంది. “గొడుగు బయట దులుపమ్మా, లోపలంతా తెలుపు, మరకలు పడతాయి,” అన్నాడు పెద్దవాడు. వెనక సీట్లో అతని అత్తగారూ మామగారూ ఉన్నారు. అన్నందుకు కాదు, వాళ్ల ముందు అన్నందుకు అమ్మ ముఖం మాడిపోయింది. కారు ఆపించి దిగింది.

“నీ కారులో మళ్లీ కాలు పెడితే అప్పుడడుగు!”

నేరుగా చిన్నకొడుకు ఇంటికి నడిచి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. పెద్దవాడు క్షమించమని అడగలేదు. ఆమె కబురు పెట్టలేదు. మొండితనంలో తల్లీకొడుకులది ఒకటే అచ్చు.

ఇప్పుడామెకు మోకాలి ఆపరేషన్ అయింది. వ్యాయామాల కోసం ఆస్పత్రికి తిరగాలి. బస్సు మెట్లు ఎక్కలేదు. అద్దె కారు వద్దంటుంది, ముక్కూమొహం తెలియనివాడి వెనక కూర్చోదట. చిన్నవాడికి కారు లేదు. అందుకే అన్నకి ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, తెల్లకార్లు ఊరినిండా ఉన్నాయి. బయటినుంచి అమ్మకి ఏదైనా ఒకటే. లోపల రంగు మార్పించెయ్. మా ఆఫీసు కారని చెబుతా. డ్రైవరుగా నువ్వే రా.”

వీడికి ఇంత బుర్ర ఎప్పుడొచ్చిందా అని పెద్దవాడు ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోతూనే షాపుకొచ్చాడు.

షాపతను టేకు చెక్క రంగు వినైల్ ఫిల్మ్ తీశాడు. తలుపుల లోపలి పట్టీలు, గేరు చుట్టూ ఉండే చట్రం, డాష్‌బోర్డు మీది పొడుగు ముక్క ఊడదీసి, స్పిరిట్‌తో తుడిచాడు. ఫిల్ముని వేడిగాలితో మెత్తబరిచి, సాగదీసి, ప్లాస్టిక్ పలకతో ఒత్తుకుంటూ వచ్చాడు. అంచులు లోపలికి మడిచాడు. సీట్లకి గోధుమరంగు కవర్లు తొడిగాడు. మరక పడకుండా ఇన్నాళ్లూ కాపాడుకున్న తెలుపు ముక్కముక్కగా మాయమవుతుంటే పెద్దవాడు పక్కనే నిలబడి చూశాడు.

“ఇక్కడ బుడగ ఉంది.”

“ఎవరికీ కనపడదు సార్.”

“మా అమ్మ వేలితో తడుముతుంది.”

షాపతను సూదితో బుడగ పొడిచి మళ్లీ ఒత్తాడు. “అంతా బాగానే ఉంది గానీ, మీ గొంతు సంగతేంటి? దానికి నేను స్టిక్కర్ వెయ్యలేను.”

“మాట్లాడను. ముఖానికి మాస్కు పెట్టుకుంటా.”

సోమవారం కారు చిన్నవాడి ఇంటి ముందు ఆగింది. టోపీ, మాస్కు, నల్లకళ్లద్దాలు. బ్యాంకు దోచుకోవడానికి వచ్చినట్టున్నాడు.

“మా ఆఫీసు డ్రైవరమ్మా. గొంతు బాలేదు, మాట్లాడడు,” అన్నాడు చిన్నవాడు.

అమ్మ వెనక సీట్లో కూర్చుంది. తలుపు పట్టీని వేలితో తడిమింది. “చెక్కేనా?”

“చెక్కేనమ్మా,” అన్నాడు పక్కన కూర్చున్న చిన్నవాడు.

“బాగుంది. మా పెద్దాడికీ ఉంది బాబూ ఒక కారు. లోపలంతా తెలుపు. ఆపరేషన్ థియేటర్‌లో కూర్చున్నట్టుంటుంది.”

డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ రోజు నేను వానలో నడుస్తుంటే, ఇంటిదాకా నా వెనకాలే వచ్చాడు. మెల్లగా, చీమ నడిచినట్టు. వెనకాల బళ్లన్నీ హారన్లు కొడుతున్నా ముందుకెళ్లలేదు. నోరు మాత్రం విప్పలేదు వెధవ. ‘రామ్మా, ఎక్కు’ అని ఒక్కమాట అనుంటే ఎక్కేదాన్ని.”

కారు ఆస్పత్రి మలుపు దాటిపోయింది.

“అన్నయ్...” అనబోయి, చిన్నవాడు దగ్గాడు. “మలుపు దాటావు డ్రైవర్.”

“పోనీలే, తిరిగొద్దాం. తొందరేముంది?” అంది అమ్మ. కాసేపు కిటికీలోంచి చూసి, “తప్పు నాదీ ఉందిలే బాబూ. గొడుగు దులిపితే నా సొమ్మేం పోయేది? ఆ మాట వాడితో అందామంటే నోరు రాదు,” అంది.

డ్రైవరు నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

తిరిగి ఇంటి దగ్గర దిగాక, ఆమె ముందు కిటికీ దగ్గరికి వంగింది.

“గురువారం కూడా నువ్వే రా బాబూ. బాగా నడిపావు. మావాడైతే గోతుల్లో ఎగరేస్తాడు.”

డ్రైవరు తల ఊపాడు. వీధి చివరికి వెళ్లి మాస్కు తీసేశాడు. షాపతనికి ఫోన్ చేశాడు.

“గుర్తుపట్టలేదు.”

“మన పనితనం అలాంటిది సార్,” అన్నాడు అతను.

ఇంట్లో అమ్మ కర్ర గోడకి ఆనించి కుర్చీలో కూర్చుంది. కారు వెళ్లిపోయిందని రూఢి చేసుకున్నాక చిన్నకొడుకు వైపు తిరిగింది.

“ఈ ఉపాయం నాదని వాడి చెవిన వేశావో, ఇక నీ స్కూటర్ కూడా ఎక్కను!”