నాలుగో కాలు

"గుర్రం నిజంగా పాతదని తేలితే హాలు గుర్రానిది. కాదని తేలితే నా కుట్టుమిషనుది. ఇంకోసారి చెప్పండి, ఒప్పుకున్నట్టేగా?" గుమ్మంలోనే మొగుణ్ణి నిలదీసింది టైలరమ్మ.

"ఒప్పుకున్నానన్నానుగా!" అన్నాడు ఆయన, పాత సామాన్ల సంతలో కొన్న కొయ్యగుర్రాన్ని చంటిపిల్లలా గుండెలకు హత్తుకుని.

ఆ ఇల్లు భూతద్దం మాస్టారిది. పాత కొయ్యబొమ్మ ఏదైనా సరే, వయసెంతో, విలువెంతో తేల్చి చెప్పడం ఆయన పని. అసలు పేరు అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. మొగుడూ పెళ్ళాలు లోపలికి అడుగు పెట్టారో లేదో, వాళ్ళ వెనకే తలుపు గాలికి ధన్‌మని మూసుకుంది. గదంతా చీకటి.

"ముందా తలుపు తెరవండి!" అని చీకట్లోంచి అరిచాడు మాస్టారు. "అడ్డం పెట్టుకునే చెక్క కాస్తా ఎటు పోయిందో, వారం రోజులుగా ఇదే గోల. అమ్మా, నువ్వు ఆ కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కాస్త కాలు అడ్డం పెట్టు. వెలుతురు లేకపోతే నేను దేనికీ పనికిరాను."

టైలరమ్మ కాలు చాపి తలుపును నొక్కి పట్టి కూర్చుంది. మిషను కోసం అవసరమైతే ఒంటికాలి మీదైనా నిలబడేదే. మొగుడు మాత్రం గబుక్కున వంగి చెప్పు సర్దుకున్నాడు.

మాస్టారు గుర్రాన్ని బల్లమీద పెట్టి వాసన చూశాడు.

"బూటు పాలిష్!" అని పెదవి విరిచాడు.

"పురుగు తొలిచిన కన్నాలున్నాయి చూడండి మాస్టారూ. పాతది కాకపోతే ఎలా వస్తాయి?"

"పురుగు తొలిస్తే మెలికలు తిరుగుతుంది బాబూ. ఇవి మేకు పెట్టి కొట్టినవి. పైగా వరసలో! పురుగులేమన్నా క్యూ కడతాయా?"

టైలరమ్మ పగలబడి నవ్వింది. ఆమె ఇప్పటికే మనసులో మిషన్ని కిటికీ పక్కన వేసేసి, దారం కూడా ఎక్కించేసింది. మొగుడి మొహం మాడిపోయింది.

"కాళ్ళు కూడా అంతే, చవక చెక్క. ఇదీ అంతే, ఇదీ అంతే, ఇదీ..."

నాలుగో కాలి దగ్గర భూతద్దం ఆగిపోయింది.

"కొన్నప్పుడు మూడే ఉన్నాయండీ," అన్నాడు ఆయన మెల్లగా. "అది నేను బిగించాను. ఒళ్ళంతా మట్టి పట్టి ఉంటే సబ్బునీళ్ళతో తోమాను. తోమితే ఏవో కడియాల్లాంటివి బయటపడ్డాయి."

"కడియాలు కాదు, గాజులు! ఇది కాలు కాదయ్యా, చెయ్యి! మోకాలనుకున్నావే, అది మోచెయ్యి. ఈ గిట్ట పిడికిలి! రెండొందల ఏళ్ళ నాటి పనితనం!"

మాస్టారు ఒక్క మెలి తిప్పి దాన్ని ఊడదీశాడు. గుర్రం మూతిమీద బోర్లాపడింది. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు అలమారాలోంచి కొయ్య నాట్యకత్తెను తీసుకొచ్చాడు. ఆమెకు కుడిచెయ్యి లేదు. చేతిని భుజానికి ఆనిస్తే సరిగ్గా అతికినట్టు కూర్చుంది.

"పదకొండేళ్ళు!" అన్నాడు మాస్టారు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "గడ్డి నింపిన పెట్టెలో వచ్చింది ఈ మహాతల్లి. గదంతా గడ్డి పోసి వెతికాను, చెయ్యి లేదు. అమ్మినవాణ్ణి చెడామడా తిట్టి పంపాను. దీనికోసం నేను తిరగని సంత లేదు. చెయ్యి లేకపోతే ఈవిడ అలమారాకి బరువు. చెయ్యుంటే మ్యూజియంవాళ్ళు కారేసుకుని వస్తారు! అమ్మా, ఏం కావాలో అడుగు!"

టైలరమ్మ క్షణంలో ప్లేటు ఫిరాయించింది.

"మా ఆయన కన్ను అలాంటిది మరి. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఆయన తెల్లమొహం వేసుకుని ఆమెకేసి చూశాడు.

"నాకు బజార్లో సొంత షాపు కావాలి," అంది ఆమె. హాలెవరిక్కావాలి, గుర్రాన్నే ఏలుకోమను! "రెండు మిషన్లు. ముందు గాజు తలుపు."

"మిషన్లు మూడు తీసుకో!" అన్నాడు మాస్టారు. ఇద్దరూ ఒకరికి మించి ఒకరు గాల్లో తేలిపోతున్నారు. "ఒక్కటే మాట. ఈ చెయ్యి ఎక్కడ దొరికిందో కాగితం మీద రాసివ్వాలి. అది లేందే మ్యూజియంవాళ్ళు బొమ్మను ముట్టుకోరు. ఎక్కడ బాబూ, సంతలోనా?"

"కాదండీ."

"పాత ఇల్లేదైనా పడగొట్టారా?"

"అబ్బే, లేదండీ." మొగుడు మళ్ళీ వంగి చెప్పు సర్దుకున్నాడు.

టైలరమ్మ మురిసిపోయింది. ఇన్నాళ్ళూ ఈయన్ని అమాయకుడనుకుంది గానీ, బేరం పెంచడంలో ఎంత గట్టివాడు! కానీ బేరం మరీ తెగేదాకా లాగకూడదు. మాస్టారు అప్పటికే కలం మూత తీసి పట్టుకున్నాడు.

"చెప్పండీ! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అంటూ ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది.

తలుపు ధన్‌మంది. గదంతా మళ్ళీ చీకటి.

ఆ చీకట్లో ఆయన గొంతొక్కటే వినిపించింది.

"పోయిన వారం గుర్రం సంగతి అడుగుదామని వచ్చినప్పుడు మీరు లోపల భోంచేస్తున్నారు మాస్టారూ. తిరిగి వెళ్ళిపోతుంటే కాలికి తగిలింది... ఈ తలుపు కిందే."