సీసపు కొండ

డబ్బా మూత తీసి నెవిల్ పళ్లు కొరికాడు. అడుగు కనిపించాల్సిన చోట మళ్లీ గుప్పెడు మంది సిపాయిలున్నారు. వేలెడంత సీసపు బొమ్మలు. ఒక్కడి మీదా రంగు చుక్క లేదు.

ఒకప్పుడు అది బిస్కెట్ల డబ్బా. ఈ బొమ్మల యుద్ధాల పిచ్చి పట్టినవాడు నాటింగ్‌హామ్‌లో ఎవడైనా సరే, రంగు వేయగలిగిన దానికి పదింతలు కొంటాడు. అలా మిగిలిపోయిన గుట్టని ఆ ఆటగాళ్ల క్లబ్బులో సీసపు కొండ అంటారు. నెవిల్ సిటీ బస్సు నడిపిన రోజుల్లో పేర్చిన కొండ తరిగి తరిగి ఈ ఒక్క డబ్బాలోకి వచ్చింది. ఇదీ ఖాళీ అయితే అతని ఫ్రెంచి సైన్యం పూర్తయినట్టే.

క్లబ్బులో ఒక కట్టుబాటుంది. రంగు పడని సిపాయి ఆట బల్ల ఎక్కకూడదు. ఇంగ్లీషు సైన్యాన్ని సిద్ధం చేసుకుని క్లబ్బు స్నేహితుడు ట్రెవర్ ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. ఈస్టర్‌కి ఇద్దరూ వాటర్లూ యుద్ధం ఆడాలి. ఆ తర్వాత మాటేమిటని అడిగితే నెవిల్ జబ్బు చూస్తున్న డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు.

ఆ రోజు ఆస్పత్రి బయట కారులో అతని భార్య డోరీన్ తాళంచెవి కూడా తిప్పలేక ఏడ్చింది.

"ఊరుకో. కొండ కరిగేదాకా నేనెక్కడికీ పోను. ఇంకా డబ్బాడు మంది ఉన్నారు నాకు," అన్నాడు నెవిల్.

ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడా డబ్బాతోనే చావొచ్చిపడింది. చెయ్యి వణుకుతుంది. బొత్తాం మీద పెట్టబోయిన పసుపు చుక్క ముక్కు మీద పడుతుంది. తుడిచి మళ్లీ పెడితే మీసం చెరుగుతుంది. ముందు గది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పొద్దంతా వేస్తాడు. టీ డోరీనే తెచ్చి ఇస్తుంది. ఇంటికొచ్చి ఇన్నాళ్లయినా ఆమె చేతుల నుంచి ఆస్పత్రి వాసన పోలేదు. ఇంత చేసినా డబ్బా మాత్రం తరగదు.

"డోరీన్, ఈ డబ్బా ఎవరైనా ముట్టుకున్నారా?"

"నీ సీసం ఎవరిక్కావాలి?" వంటింట్లోంచి వచ్చింది జవాబు.

"ఈ బూర ఊదేవాడికి నేను రంగేశాను. బుగ్గలకి ఎరుపు కూడా పెట్టాను."

"వెయ్యాలనుకుని ఉంటావు. మందుల మత్తు అది, నెవ్."

అద్దాల బీరువా దగ్గరికి వెళ్లి వెతికాడు. వరసలు వరసలుగా నీలి కోట్లు. బూరవాడు లేడు. ఒళ్లు ఎలాగూ చెడింది, ఇప్పుడు మతి కూడా పోతోందా అని ఏడుపొచ్చినంత పనయింది.

బుధవారం ట్రెవర్ పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పై పట్టుకుని వచ్చాడు. అతణ్ని చూడగానే నెవిల్‌కి అనుమానం తన్నుకొచ్చింది.

"నిజం చెప్పు. నీ బొమ్మలు తెచ్చి నా డబ్బాలో పడేస్తున్నావు కదూ? ఈస్టర్‌కి నన్ను ఆడనివ్వకూడదని."

"నీకు ఊరికే సిపాయిల్నిస్తానా? నా సంగతి నీకు తెలీదా? ఈ పోర్క్ పై ముక్కే మనసొప్పక తెచ్చాను," అన్నాడు ట్రెవర్, దాంట్లో సగం తనే తింటూ.

అదీ నిజమే. ట్రెవర్ చేతికి ఎముక లేదని ఎవరూ అనలేదు.

ఇక లాభం లేదని ఆ వారం నెవిల్ ఒక పని చేశాడు. ఎంత మతిమరుపొచ్చినా మరిచిపోలేని సిపాయిని తయారు చేశాడు. ఒక సార్జంటుకి ట్రెవర్ మొహమే దించాడు. అదే తోటకూర కాడ మెడ, అవే గుబురు ఎర్ర మీసాలు. మీసాలకే రెండు పూటలు పట్టాయి. బీరువాలో ముందు వరసలో నిలబెట్టాడు.

మళ్లీ బుధవారం ట్రెవర్ దాన్ని కళ్లద్దాలకి ఆనించుకుని చూశాడు.

"ఎవడీ దరిద్రుడు?"

"అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నావుగా."

"డెట్టాల్లో ముంచెయ్, వెధవని."

రంగు కుదరని బొమ్మకి క్లబ్బులో వేసే శిక్ష అదే. ఓ పూట నానబెడితే రంగంతా జారిపోయి మళ్లీ ఉత్త సీసం మిగులుతుంది. నెవిల్ చాలా రోజుల తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. టీ కప్పులు తీస్తున్న డోరీన్ నవ్వలేదు.

ఆ తర్వాత పని కాస్త సాగింది. చూస్తూండగానే డబ్బాలో జెండా మోసేవాడొక్కడే మిగిలాడు.

"డోరీన్, రేపటితో కొండ ఖతం," అని కేకేశాడు.

వంటింట్లో రేడియో మోత పెరిగింది.

మూత పెట్టేసి, బడాయిగా ఓసారి సైన్యాన్ని చూసుకుందామని బీరువా వైపు తిరిగాడు. ముందు వరసలో సార్జంటు చోటు ఖాళీగా ఉంది. నెవిల్‌కి ఒళ్లు మండిపోయింది. ఈసారి మతిమరుపు కాదు. మందులూ కాదు. రెండు పూటల మీసాలవి. ట్రెవర్ తనకి తెలియకుండా ఎప్పుడొచ్చి పోయాడో అడిగి తేల్చుకోవాలని, చేతికర్ర పట్టుకుని, ఆయాసపడుతూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

సింకు దగ్గర డోరీన్, చెంపల మీద కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా, డెట్టాల్ గిన్నెలోంచి తీసిన సార్జంటు ఎర్ర మీసాల్ని పాత టూత్‌బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగేస్తోంది.